పాత జిప్సీ బాగు చేయాలంటే లిఫ్ట్ కిట్ తర్వాత, ముందు కమాన్ కట్టలు చూడండి

ఈ రోజు ఎపిసోడ్ మీలో చాలామంది అడిగిన టాపిక్ మీదే. "అన్నా, మా ఊళ్లో పాత జిప్సీ ఒకటి ఏళ్లుగా మూలన పడి ఉంది, బాగు చేయిస్తే పనికొస్తుందా?" అని అడుగుతారు. వెంటనే రెండో ప్రశ్న: "లిఫ్ట్ కిట్ ఎన్ని ఇంచులది వేయించమంటావు?"

లిఫ్ట్ కిట్ సంగతి చివర్లో మాట్లాడుకుందాం. ముందు బండి సూటిగా నడవాలి, బ్రేకు తొక్కితే సూటిగా ఆగాలి. ఆ రెండూ రాకుండా మిగతా ఏం చేయించినా అది మేకప్పే. ఈ నాలుగు నెలలూ నేను పని చేసిన ఒక బండిని ఉదాహరణగా పెట్టుకుని, ఏ పని తర్వాత ఏ పనో, ఎందుకో చెప్తాను.

బండి మా బాబాయిది. నూజివీడు దగ్గర మామిడి తోట ఉంది ఆయనకి. 2001 మోడల్ జిప్సీ కింగ్, ఎంపీఎఫ్ఐ ఇంజిన్. 2021లో ఆర్సీ రెన్యూవల్ చేయించారు, ఆ తర్వాత కొన్ని నెలలకే బండి షెడ్డులోకి వెళ్లిపోయింది. మళ్లీ బయటికి తీయలేదు. ప్రైవేటు బండికి 15 ఏళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ ఐదేసి ఏళ్లకు రెన్యూవల్ చేస్తారు కదా, మేం పని మొదలుపెట్టేనాటికి ఆ గడువులో ఏడు నెలలే మిగిలింది. అప్పటికే పాతసామాన్ల ఆయన వచ్చి ధర చెప్పి వెళ్లాడు. బాబాయి నాతో ఒకటే మాట అన్నారు: "ఇన్‌స్పెక్షన్‌కి పంపే లోపల నేను ధైర్యంగా తోలగలిగేలా చెయ్యి. లేదంటే ఇచ్చేస్తాను. దీని మీద పిల్లల్ని ఎక్కించి భయపడుతూ తోలలేను."

నాతో పాటు పని చేసింది బాబాయి కొడుకు. బీటెక్ సెకండియర్. వాడి ఫోన్‌లో అప్పటికే ప్లాన్ రెడీ: మూడు ఇంచుల లిఫ్ట్, పెద్ద టైర్లు, ముందు పెద్ద స్టీల్ బంపర్, పైన లైట్ల వరస. "అన్నా, మొదటి వారంలో ఇంజిన్ స్టార్ట్ చేసేద్దాం, వీడియో అదిరిపోద్ది" అన్నాడు. నిజమే, వీడియో అదిరిపోద్ది. కానీ ఇంజిన్ స్టార్ట్ అయ్యాక మనం ఆగం, ఒక్క రౌండ్ అని తోట దాటి రోడ్డెక్కుతాం. ఏళ్ల తరబడి నిలబడిన బండికి బ్రేకులు ఉన్నాయో లేవో ఎవరికి తెలుసు? అందుకే ఇంజిన్‌ని వరసలో నాలుగో నంబర్‌కి తోశాను. మొదటిది ఛాసీ, రెండోది బ్రేకులు, మూడోది సస్పెన్షన్, స్టీరింగ్. ఆ తర్వాతే ఇంజిన్, వైరింగ్. పెయింట్ ఆఖర్న.

అసలు జిప్సీ ఏమిటో కొంచెం తెలిస్తే ఈ వరస ఎందుకో అర్థమవుతుంది. మారుతి దీన్ని 1985లో 970 సీసీ ఇంజిన్‌తో తెచ్చింది. ఇది సుజుకి ఎస్‌జే410కి పొడవు పెంచిన రూపం, వీల్‌బేస్ 2,375 మిల్లీమీటర్లు. 1996లో 1,298 సీసీ ఇంజిన్‌తో జిప్సీ కింగ్ వచ్చింది. 2000లో ఎంపీఎఫ్ఐ వచ్చి పవర్ 80 హార్స్‌పవర్‌కి చేరింది. 2019లో మామూలు కస్టమర్లకి అమ్మడం ఆపేశారు. ఇన్నేళ్లలో ఇంజిన్ మారింది, ముక్కు మారింది. కింద మాత్రం అదే పాత పద్ధతి: నిచ్చెన లాంటి ఛాసీ, ముందొకటి వెనకొకటి గట్టి యాక్సిల్, నాలుగు మూలలా నాలుగు కమాన్ కట్టలు.

సరే, ఛాసీతో మొదలుపెడదాం. బాడీ మీద తుప్పు కంటికి కనిపిస్తుంది, దాన్ని చూసి భయపడతాం. నిజంగా భయపడాల్సింది ఛాసీలో కనిపించని తుప్పు గురించి. నీళ్లు కారిపోవడానికి ఛాసీలో చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. బురద చేరి అవి మూసుకుపోతే లోపల తడి నిలిచి, ఇనుము లోపలి నుంచి తినేస్తుంది. పరీక్ష సులువు. చిన్న సుత్తి తీసుకుని ఛాసీ పొడుగునా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తిన్న చోట డబ్ డబ్ అని మొద్దు శబ్దం వస్తుంది. అలాంటి చోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. దిగిందంటే అక్కడ వెల్డింగ్ పని ఉన్నట్టే. ముఖ్యంగా కమాన్ కట్ట ఛాసీకి తగులుకునే బ్రాకెట్లు, బాడీ కూర్చునే మౌంట్లు, వెనక అడ్డ కమ్మీ చూడండి. బండి కొనబోతున్నవాళ్లు ధర మాట్లాడే ముందే ఈ పని చేయాలి. ఛాసీ చాలాచోట్ల తిని ఉంటే ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయండి. మా బండికి వెనక అడ్డ కమ్మీ దగ్గర ఒక్కచోట అతుకు పడింది, మిగతాదంతా ఖంగుమంది.

రెండోది బ్రేకులు. బ్రేక్ ఆయిల్‌కి గాలిలో తేమని పీల్చుకునే గుణం ఉంది. ఏళ్లు గడిస్తే ఆ నీరే లోపల తుప్పు పట్టిస్తుంది. మా బండికి వెనక రెండు డ్రమ్ముల్లోనూ వీల్ సిలిండర్లు బిగుసుకుపోయాయి. ముందు డిస్క్ కాలిపర్లో ఒక పిస్టన్ కదల్లేదు. రబ్బరు హోసులు వంచి చూస్తే పగుళ్లు. సిలిండర్లు, హోసులు కొత్తవి వేసి, కాలిపర్లకు కిట్ మార్చి, పైపులన్నీ చూసుకుని కొత్త ఆయిల్ నింపాం. ఈ పనిలో పొదుపు వద్దు.

టైర్లు కూడా ఇక్కడే చెప్పేస్తాను. టైరు పక్కన నాలుగు అంకెల కోడ్ ఉంటుంది. ఉదాహరణకి 1812 అని ఉంటే 2012లో 18వ వారం తయారైందని అర్థం. మా టైర్లకి గోళ్లు అరగలేదు, "కొత్తవే కదన్నా" అన్నాడు మావాడు. కోడ్ చూపించాను. ఇంకేం మాట్లాడలేదు. రబ్బరుకి కిలోమీటర్లు మాత్రమే కాదు, వయసు కూడా లెక్కే.

ఇప్పుడు అసలు సబ్జెక్ట్, సస్పెన్షన్. కొత్త జిమ్నీకీ గట్టి యాక్సిళ్లే ఉన్నాయి, కానీ కాయిల్ స్ప్రింగులు. కాయిల్ బరువు మోస్తుంది, యాక్సిల్ ముందుకీ వెనక్కీ జరక్కుండా పట్టుకోవడానికి వేరే కమ్మీలు ఉంటాయి. జిప్సీలో ఆ కమ్మీలు లేవు. కమాన్ కట్టే బరువు మోయాలి, అదే యాక్సిల్‌ని దాని చోట పట్టి ఉంచాలి. అంటే కమాన్ పాడైతే కుదుపు ఒక్కటే కాదు సమస్య, చక్రం ఉండాల్సిన చోట ఉండదు. నేను దీన్ని కంఫర్ట్ లెక్కలో కాకుండా సేఫ్టీ లెక్కలో వేసేది అందుకే.

ఏ పార్టూ కొనకముందు టేపు తీసుకోండి. చదునైన నేల మీద బండి పెట్టి, నాలుగు టైర్లలో గాలి సరిచేసి, ఖాళీ బండికి రెండు కొలతలు తీయాలి. మొదటిది: చక్రం మధ్య నుంచి పైన ఛాసీ అంచు దాకా ఎత్తు, నాలుగు మూలలా. రెండోది: ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి దూరం, రెండు పక్కలా. చక్రం మధ్య నుంచి తూకపు గుండు వేలాడదీసి నేల మీద సుద్దతో గుర్తు పెడితే చాలు.

మాకు వచ్చిన లెక్కలు చెప్తాను. డ్రైవర్ వైపు వెనక మూల, రెండో వైపు కంటే 3 సెంటీమీటర్లు కిందకి ఉంది. ఇది ఊహించిందే. ఊహించనిది రెండో కొలత. వీల్‌బేస్ ఎడమ పక్క ఒకలా, కుడి పక్క 14 మిల్లీమీటర్లు తక్కువగా వచ్చింది. అంటే వెనక యాక్సిల్ వంకరగా కూర్చుంది! అప్పుడు బాబాయికి గుర్తొచ్చింది, బండి పక్కన పెట్టే ముందు స్టీరింగ్ కొంచెం తిప్పి పట్టుకుంటేనే నేరుగా పోయేదట. వెనక నుంచి చూసినవాళ్లు "పీతలాగ నడుస్తోందేంటండీ" అనేవాళ్లట.

కారణం సెంటర్ బోల్ట్. కమాన్ కట్టలో పట్టీలన్నిటినీ కలిపి గుచ్చే బోల్ట్ అది. దాని తల యాక్సిల్ మీదున్న గుంటలో కూర్చుంటుంది, యాక్సిల్ స్థానాన్ని నిలిపేది అదే. యూ బోల్టులు వదులైతే భారమంతా దాని మీద పడి ఏదో ఒక రోజు తెగుతుంది. బయటికి ఏమీ కనిపించదు. మా బండికి కుడి వెనక సెంటర్ బోల్ట్ తెగి ఉంది. ఆ స్థితిలో గట్టిగా బ్రేకు తొక్కితే యాక్సిల్ ఇంకా జరగొచ్చు. దీని మీదే మూడు ఇంచుల లిఫ్ట్ పెట్టి, తోట గట్ల మీద తోలుతూ వీడియో తీసేవాళ్లం! మావాడి ముఖం చూశాను, లిఫ్ట్ మాట ఆ రోజు ఎత్తలేదు.

కట్టలు విప్పేటప్పుడు జాగ్రత్తలు వినండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి దూరకూడదు, ఛాసీ కింద స్టాండ్లు పెట్టాలి. షాకిల్ బోల్టులు లోపలి గొట్టంతో కలిసి తుప్పు పట్టి ఉంటాయి, రెండు రోజుల ముందు నుంచి తుప్పు వదిలించే ఆయిల్ కొడుతూ ఉండండి. అయినా రాకపోతే కోసేయడమే. కట్టని విడదీసేటప్పుడు వైస్‌లో బిగించి మెల్లగా వదలాలి. పట్టీలు ఒత్తిడిలో ఉంటాయి, సెంటర్ బోల్ట్ ఒక్కసారి తీస్తే ఎగిరి తగులుతాయి. అలవాటు లేకపోతే కమాన్ షాపులోనే విప్పించండి.

మేం నాలుగు కట్టలూ విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లాం. అక్కడ లారీల కమాన్లు చేసే షాపులు వరసగా ఉంటాయి. వెనక కట్టల్ని విప్పగానే మేస్త్రి ఒక పట్టీ పక్కకి తీసి పెట్టాడు. అది కంపెనీది కాదు. ఎప్పుడో కమాన్ వాలిపోతే ఎవరో ఒక లావు పట్టీ ఎక్కించారు. "బాబూ, పట్టీ ఎక్కిస్తే బండి లేస్తది గానీ, మీ నడుం పడిపోద్ది" అన్నాడు మేస్త్రి.

ఆయన అనుభవంతో చెప్పిన మాట వెనక ఒక లెక్క ఉంది. పట్టీ గట్టిదనం దాని మందానికి ఘనంలో పెరుగుతుంది. ఒకే పొడవు, ఒకే వెడల్పు ఉన్న రెండు పట్టీలు అనుకోండి, ఒకటి 6 మిల్లీమీటర్లు, ఇంకోటి 7. తేడా ఒక్క మిల్లీమీటరే. కానీ 7 ఘనం 343, 6 ఘనం 216. అంటే రెండో పట్టీ దాదాపు 59 శాతం ఎక్కువ గట్టి. లోడు మోసే ట్రాలీకి అది బాగుంటుంది. దాదాపు టన్ను బరువుండే ఖాళీ జిప్సీకి అలాంటిది వేస్తే, స్ప్రింగ్ వంగదు, బండే ఎగురుతుంది. ఎగిరిన చక్రానికి నేల మీద పట్టు ఉండదు. రాళ్ల మీద అయినా, తడి రోడ్డు మీద బ్రేకు తొక్కినప్పుడైనా అంతే.

జిప్సీ అంటేనే నడుం విరగ్గొట్టే బండి అని పేరు పడింది కదా. కొంత నిజం, స్ప్రింగులు గట్టివే. కానీ అందులో తుప్పు వాటా కూడా చాలా ఉంటుంది. కమాన్ పని చేయాలంటే పట్టీలు ఒకదాని మీద ఒకటి జారాలి. తుప్పు పట్టి అంటుకుపోతే చిన్న గతుకులకి కట్ట అసలు కదలదు, దెబ్బ నేరుగా మీ వెన్నుకే. అలాగే గతుకు వచ్చి కమాన్ చదునైనప్పుడు దాని పొడవు కొంచెం పెరుగుతుంది. ఆ పెరిగిన పొడవుకి చోటివ్వడానికే ఒక చివర ఊగే షాకిల్ పెట్టారు. ఆ షాకిల్ బిగుసుకుపోతే కమాన్ రెండు చివరలా కట్టేసినట్టే.

వాలిపోయిన కమాన్‌ని ఏం చేయాలి? రెండు దారులు. ఉన్న పట్టీల్నే సుత్తితో కొట్టి మళ్లీ వంపు తేవచ్చు. చవక, కొన్నాళ్లు నిలుస్తుంది. కానీ అలసిపోయిన ఉక్కు మళ్లీ వాలుతుంది. ఎర్రగా కాల్చి వంచి అలాగే వదిలేస్తే ఇంకా చెడ్డది, ఉక్కుకి ఉండాల్సిన టెంపర్ పోతుంది. వంచిన తర్వాత ఆయిల్లో ముంచి, మళ్లీ కొలత ప్రకారం వేడి చేసే ఏర్పాటు ఉన్న చోటే ఆ పని చేయించాలి. రెండో దారి, ఒరిజినల్ కొలతల్లో కొత్త కట్ట. మేం వెనక రెండూ కొత్తవి తీసుకున్నాం. కమాన్లు ఎప్పుడూ జతగానే మార్చాలి, ఒక పక్కే మారిస్తే బండి మళ్లీ ఒరుగుతుంది. ముందు కట్టల్లో పగుళ్లు లేవు, వంపు రెండిటికీ సమానంగా ఉంది. వాటిని విప్పి, వైర్ బ్రష్‌తో తుప్పు దులిపి, పట్టీల చివర్లు నున్నగా చేసి, గ్రాఫైట్ గ్రీజు పూసి మళ్లీ కట్టాం. బుష్‌లు, షాకిల్ బోల్టులు, సెంటర్ బోల్టులు, యూ బోల్టులు అన్నీ కొత్తవి. ఒకసారి సాగిన యూ బోల్టు మళ్లీ అంత పట్టు ఇవ్వదు, పాతవి తిరిగి వాడొద్దు.

బిగించేటప్పుడు చాలాచోట్ల వదిలేసే పాయింట్ ఒకటుంది, దయచేసి గుర్తుంచుకోండి. షాకిల్ బోల్టుల్ని, కమాన్ కంటి బోల్టుల్ని బండి గాలిలో ఉండగా ఫైనల్‌గా బిగించకూడదు. ముందు వదులుగా పెట్టి, బండిని చక్రాల మీద దించి, రెండు మూడు సార్లు ఊపి, అప్పుడు బిగించాలి. లేదంటే బండి దిగగానే రబ్బరు బుష్ మెలిపడిపోయి, ఆ మెలికతోనే ఉండి త్వరగా చిరిగిపోతుంది. యూ బోల్టుల్ని ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రావాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగించాలి. మా సెంటర్ బోల్ట్ తెగడానికి మూలం ఆ వదులైన యూ బోల్టులే కదా.

షాక్ అబ్జార్బర్ల గురించి రెండు ముక్కలు. అవి బండిని మోయవు, ఊగుతున్న బండిని ఆపుతాయి, అంతే. వాలిపోయిన బండికి కొత్త షాక్‌లు వేస్తే లేవదు. ఆయిల్ కారినా, చేత్తో లాగితే అడ్డు లేకుండా జారిపోయినా మార్చేయండి. పొడవు మాత్రం కమాన్ కదలికకి సరిపోవాలి. కమాన్ ఇంకా వంగాల్సి ఉండగానే షాక్ అడుగు తాకితే షాక్ పగులుతుంది, లేదా దాని మౌంట్ విరుగుతుంది.

ముందు వైపు ఇంకో పని ఉంది. 60 దాటగానే స్టీరింగ్ గడగడ వణకడం పాత జిప్సీల్లో తరచూ వినే కంప్లయింట్. చాలామంది వెంటనే కొత్త స్టీరింగ్ డ్యాంపర్ వేసేస్తారు. వణుకు తగ్గినట్టు ఉంటుంది, జబ్బు అలాగే ఉంటుంది. వీల్ బ్యాలెన్స్, టై రాడ్ చివర్లు, వీల్ బేరింగులు, కింగ్ పిన్ బేరింగులు వరసగా చూడండి. ముందు చక్రాన్ని లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట తెలుస్తుంది. మా బండిలో యాక్సిల్ సీలు పోయి, గేరాయిల్ నకుల్ లోపలికి కారి గ్రీజుని కడిగేసింది, కింగ్ పిన్ బేరింగులు పొడిబారి గాట్లు పడ్డాయి. సీళ్లు, బేరింగులు మార్చాం. యాక్సిల్ గాలి పీల్చే బ్రీదర్ గొట్టం కూడా శుభ్రం చేయండి. అది మూసుకుపోతే లోపలి ఒత్తిడికి ఆయిల్ సీలులోంచి తోసుకొస్తుంది, మీరు సీలు మీద సీలు మారుస్తూనే ఉంటారు.

అప్పుడు ఇంజిన్. ట్యాంకులో పాత పెట్రోలు మొత్తం తీసేశాం, వార్నిష్ వాసన కొట్టింది. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుకల గూడు ఉంది, వైరింగ్ రెండు చోట్ల కొరికేశాయి. ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్లో కొంచెం ఆయిల్ పోసి, ఒక రోజు వదిలేసి, క్రాంక్‌ని చేత్తో పానా పెట్టి తిప్పాం. నిండు రౌండ్లు సాఫీగా తిరిగాకే సెల్ఫ్ కొట్టాలి. ఇంజిన్ ఆయిల్, కూలెంట్, ఫిల్టర్లు, బెల్టులు కొత్తవి. టైమింగ్ బెల్టు కిలోమీటర్లు చూసి కాదు, వయసు చూసి మార్చేయండి. మూడో ప్రయత్నానికి స్టార్ట్ అయింది. ఆ వీడియో మావాడే తీశాడు. ఈసారి బ్రేకులున్నాయి కాబట్టి ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ చేయించాక రోడ్డెక్కాం.

ఇక లిఫ్ట్ కిట్. మావాడు మళ్లీ అడిగాడు: "అన్నా, ఇప్పుడన్నీ బాగున్నాయి కదా, ఇప్పుడైనా వేయొచ్చుగా?" న్యాయమైన ప్రశ్నే. పెద్ద రాళ్ల మీద ఎత్తు ఉపయోగపడుతుంది, కాదనను. కానీ పొడవు షాకిళ్లతో ముందు భాగం లేపితే క్యాస్టర్ కోణం మారుతుంది, మలుపు తర్వాత స్టీరింగ్ దానంతటది నిటారుకి రావడం తగ్గుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ల కోణం పెరుగుతుంది, బ్రేక్ హోసులు సాగుతాయి, బండి బరువు పైకి జరిగి పల్టీ ప్రమాదం పెరుగుతుంది. అవన్నీ కలిపి సరిచేయాలి, ఒక్క స్పేసర్‌తో అయ్యే పని కాదు. పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మా బండి ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లాలి. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడా ఇదే ప్రశ్న వస్తుంది. "కంపెనీ ఎత్తు 21 సెంటీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్. ముందు ఒక సీజన్ దీంతో తోలు. ఎక్కడ తగులుతుందో నువ్వే చూసి చెప్పు, అప్పుడు మాట్లాడదాం" అన్నాను. ఒప్పుకున్నాడు, కొంచెం మూతి ముడుచుకునే.

ఫలితం? నాలుగు మూలల ఎత్తు ఇప్పుడు 5 మిల్లీమీటర్ల తేడా లోపల ఉంది. వీల్‌బేస్ రెండు పక్కలా సమానం. వానకి గుంటలు పడిన తోట బాటలో బాబాయి స్వయంగా తోలారు. పక్కన పిన్ని, వెనక ఇద్దరు పిల్లలు. దిగాక ఏమీ పొగడలేదు. "స్టీరింగ్ పట్టుకుని కుస్తీ పట్టక్కర్లేదురా ఇప్పుడు" అన్నారు. పాతసామాన్ల ఆయనకి ఫోన్ చేసి రావద్దని చెప్పారు. ఇన్‌స్పెక్షన్ వచ్చే నెల. పెయింట్ ఇంకా అలాగే ఉంది, డోర్ల కింద తుప్పు మచ్చలూ ఉన్నాయి. వాటికి తొందరేం లేదు.

మీ ఊళ్లో అలాంటి బండి ఉంటే ఈ ఆదివారం చేయాల్సిన పని ఇది: ఒక సుత్తి, ఒక టేపు, ఒక సుద్దముక్క పట్టుకెళ్లండి. ఛాసీ తట్టండి, నాలుగు మూలల ఎత్తు, రెండు పక్కల వీల్‌బేస్ కొలిచి రాసుకోండి. పైసా ఖర్చు లేదు. ఆ కాగితం చేతిలో ఉంటే, బండి తీసుకోవాలా వద్దా, మెకానిక్‌ని ఏం అడగాలి అన్నవి మీకే తెలుస్తాయి. మీ కొలతలు నాకు పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో కొన్ని తీసుకుని మాట్లాడుకుందాం. అప్పటిదాకా బండి కిందకి దూరే ముందు స్టాండు పెట్టడం మర్చిపోకండి. ఉంటాను ఫ్రెండ్స్, జాగ్రత్త.